దొరసాని కాలు విరిగింది నా గండం తీయడానికి కాదు

మా వీధిలో చెప్పుకునే కథ ఇది: టీచరమ్మ మీదికి వచ్చిన గండాన్ని ఆవిడ కుక్క తన మీదేసుకుంది. కుక్క కాలు పోయింది, టీచరమ్మ ప్రాణం దక్కింది.

మా చర్చిలో చెప్పుకునే కథ వేరు: విమలమ్మ గారి కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. దేవుడు ఆవిణ్ణీ లేపాడు, ఆవిడ కుక్కనీ లేపాడు. ఈ రెండోది మా పాస్టరు గారు మైకులో గూడా చెప్పారు, నేను ముందు వరసలో కూర్చుని ఉండగానే.

రెండూ తప్పే. గండం మీదేసుకోవడమే అయితే, మా కుక్క దొరసాని కాలు విరిగిన తర్వాత నాకు క్యాన్సరుకని ఆరు విడతలు ఆ ఎర్రమందు ఎందుకు ఎక్కించినట్టు? కాలు విరిగిన రోజే నేను లేచి బడికి పోయుండాలి గదా! ఇక ప్రార్థన సంగతి. ప్రార్థనను నేను కాదనను, నేనూ చేశాను. కానీ దొరసాని కాలికి కట్టు కట్టింది గొర్రెల కోటయ్య. ప్రతి ఆదివారం మా చర్చి ముందు నుంచే గొర్రెల్ని తోలుకుపోతాడు. లోపలికి ఒక్కసారైనా వచ్చిన పాపాన పోలేదు. అతని పేరు ఎవరి కథలోనూ లేదు.

ఏడాది దాటింది. జుట్టు మళ్లీ భుజాల దాకా వచ్చింది. ఈ మధ్య చుట్టుపక్కల ఎవరికి గడ్డ అని తెలిసినా నా దగ్గరికి పంపిస్తున్నారు, "మీ కుక్క సంగతి చెప్పండమ్మా, వాళ్లకి ధైర్యం వస్తుంది" అని. ధైర్యం చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. అబద్ధంతో చెప్పడానికే అభ్యంతరం. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. మాది గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే రోడ్డు మీద ఊరు. చుట్టూ పత్తి, మిరప. నేను ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయన దేవదానం మాస్టారు, జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెబుతారు, మా చర్చిలో సంఘ పెద్ద. దిష్టి తీయడం, శకునం చూడటం లాంటివి మన ఇళ్లలో ఉండకూడదని ఏటా ఒక్కసారైనా ప్రసంగిస్తారు. మా అత్తగారు సువార్తమ్మ. పత్తి తీసి, మిరపకాయలు కోసి కొడుకుని బి.ఎస్సీ., బి.ఎడ్. చదివించిన మనిషి. పిల్లలు లేరు. దానికి గూడా వీధిలో ఒక కథ ఉంది, అది ఇప్పుడు వద్దు.

దొరసాని ఊరకుక్క. రెండేళ్ల కిందట పత్తి మిల్లు వైపు నుంచి ఒంటినిండా దూది అంటించుకుని వచ్చి, మా వసారాలో కుర్చీ కింద చోటు చూసుకుని కాలు మీద కాలేసుకుని పడుకుంది. "ఏందే ఇది, దొరసాని లాగా!" అన్నారు అత్తయ్య. అదే పేరయింది.

డిసెంబరులో నాకు మద్రాసులో ఆపరేషన్ అయింది. "మంచి గడ్డేనట, తీసేస్తే సరిపోతుందిట" అన్నారు మా ఆయన. నాకు తోడుగా మా చెల్లెలు ఉంది గనక, అర్ధసంవత్సర పరీక్షలు పెట్టడానికి నడుమ నాలుగు రోజులు ఊరెళ్లొచ్చారు. వచ్చినప్పటి నుంచీ మనిషి కళ్లలోకి చూసి మాట్లాడటం మానేశారు. అలసటేమో అనుకున్నాను.

జనవరి మొదట్లో రైల్లో తిరిగొస్తున్నాం. ఆయన కునుకు తీస్తున్నారు. ఆస్పత్రి ఫైలు ఆయన ఒళ్లో నుంచి జారింది. నేను తీసి చదివాను. ఇంగ్లీషు చదవడం వచ్చినందుకు నేను బాధపడింది జీవితంలో ఆ ఒక్కసారే.

ఆయన్ని తట్టి లేపాను. "మంచి గడ్డంటే ఇదేనా మాస్టారూ?"

ఆయన ఫైలు వైపు చూసి, కిటికీలోంచి బయటికి చూశారు. "ఒంగోలు దాటినట్టున్నాం" అన్నారు.

"నేనడిగింది ఊరి పేరు కాదు."

"నీకు తెలిస్తే తట్టుకోలేవని..."

"తట్టుకోలేనిది ఎవరు? నేనా, మీరా?"

ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మా ఇద్దరి మధ్యా అరటిపండ్ల సంచి పెట్టి "తినండమ్మా, తినండి సార్" అన్నాడు. తిన్నాం. ఇంత జబ్బులోనూ అరటిపండు అరటిపండులాగే ఉండటం నాకు కొంచెం కోపం తెప్పించింది.

జబ్బుపడ్డవాళ్ల ఇంట్లో వాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇక్కడే చెబుతున్నా. జబ్బు ఎవరిదో, ఆ కాగితాలు వాళ్ల చేతికే ఇవ్వండి. దాచితే జబ్బు తగ్గదు. దాచినవాళ్లు ఒంటరివాళ్లవుతారు, అంతే.

ఇంటికొచ్చేసరికి దొరసాని వసారా మూల గోనెసంచుల మీద పడుంది. వెనక ఎడమ కాలు పక్కకి వేలాడుతోంది. నన్ను చూసి తోక నేలకేసి కొట్టింది గానీ లేవలేకపోయింది.

"పత్తి బండి ఎక్కింది, నేను ఊళ్లో ఉన్నప్పుడే. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు" అన్నారు మా ఆయన. అత్తయ్య మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంది. మిరప సీజను మొదలైందంటే వ్యాపారస్తులు బస్తాలు ఇళ్లకి పంపుతారు, ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీసిస్తారు. కొడుకు ఉద్యోగస్తుడయ్యాక గూడా ఆవిడ ఆ పని మానలేదు.

"దీన్ని కోటయ్యకిచ్చేద్దాం. నీ పనే నువ్వు చేసుకోలేవు, దీన్నెక్కడ చూస్తావు?" అన్నారు ఆయన ఆ సాయంత్రం.

"దాన్ని పంపిస్తే నా పెట్టె గూడా దాని వెనకే పంపండి" అన్నాను. నిజం చెప్పాలంటే అది ప్రేమ కాదు. నా గురించి నాకు చెప్పకుండా అన్నీ నిర్ణయించేస్తున్నారని కోపం. కనీసం కుక్క సంగతైనా నా మాట చెల్లాలని పంతం.

మర్నాడు కోటయ్య వచ్చాడు. గొర్రెల కాళ్లు విరిగితే కట్టేది అతనే. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, దొరసాని కాలంతా వేళ్లతో తడిమాడు. మినప్పిండిలో కోడిగుడ్ల తెల్లసొన కలిపి గుడ్డకి పట్టించి, కాలు లాగి సరిచేసి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. నేను దాని తల నా ఒళ్లో పెట్టుకుని మూతి పట్టుకున్నాను. అది అరవలేదు. నా చెయ్యి మాత్రం చొంగతో తడిసిపోయింది.

"పత్తి బండి ఎక్కిందట కోటయ్యా."

అతను నవ్వాడు. "బండి చక్రం ఎక్కితే ఎముక పిండైపోద్ది టీచరమ్మా. ఇది ఒక్క చోట, పుల్ల విరిచినట్టు విరిగింది. కర్ర దెబ్బ. ఎన్ని గొర్రెల కాళ్లు చూళ్లా నేను! కట్టు ఆలస్యమైంది గాబట్టి రెణ్ణెల్లు విప్పొద్దు."

అతను వెళ్లాక పక్కింటావిడ గోడ మీద నుంచి ఇంకో మాట జారవిడిచింది. "మీరు మద్రాసులో ఉన్నన్నాళ్లూ గేటు దగ్గర కూర్చుని ఒకటే ఏడుపండీ మీ కుక్క. మీ అత్తగారు నెత్తి కొట్టుకునేవారు, ఇంటికి అరిష్టం అని."

కుక్క ఏడిస్తే ఆ ఇంట్లో ఎవరో పోతారని మా వైపు నమ్మకం. ఇక నాకు సాక్ష్యం ఇంకేం కావాలి? సోషల్ టీచర్ని గదా, కారణం ఒకటి, ఫలితం ఒకటి, నడుమ గీత గీసేశాను. నేరుగా అత్తయ్య ముందుకెళ్లి నిలబడ్డాను.

"కర్ర ఎవరిది అత్తయ్యా?"

ఆవిడ చేతిలో మిరపకాయ అలాగే ఆగింది. లోపలి గదిలో మా ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఆ పెన్ను చప్పుడు గూడా ఆగింది. ఆ సంగతి నాకిప్పుడు గుర్తొస్తోంది, అప్పుడు పట్టలేదు. ఆవిడ ఒకసారి గది వైపు చూసి, తల దించుకుని తొడిమ తుంచింది.

"నాదే. ఏడుస్తుంటే ఊరుకోమని విసిరా. తగిలింది."

నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం రాయాలి, లేకపోతే ఈ రాతకి అర్థం లేదు. "నా చావు కోసం గేటు దగ్గర కాసుక్కూర్చుంది కుక్క కాదు, మీరే" అన్నాను. డెబ్బై ఏళ్ల మనిషిని. ఆవిడ చాటలో గింజలు చెరిగి లేచి లోపలికెళ్లింది. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా అన్నం, నీళ్లు, మందు అన్న మాటలు తప్ప మాటల్లేవు.

జనవరి నడుమ మొదటి విడత. గుంటూరు బ్రాడీపేటలో ఒక నర్సింగ్ హోమ్. కింద మందుల షాపు, పక్కన ట్యుటోరియల్ కాలేజీ. మేడ మీద వరండాలో బల్లలు. పొద్దున ఎనిమిదికి వెళితే మన వంతు పన్నెండింటికో ఒంటిగంటకో. పక్క మేడ మీంచి పిల్లలు గట్టిగా సూత్రాలు అప్పజెప్పే గోల. ఇటు మేము, మాట్లాడకుండా. నేను అక్కడ నేర్చుకున్నదేమిటంటే, భయమన్నది మనిషిని ఏడిపించదు, బల్ల మీద బుద్ధిగా కూర్చోబెడుతుంది.

ఆ బుద్ధిని చెడగొట్టింది పొన్నూరు నుంచి వచ్చే ధనలక్ష్మమ్మ గారు. వాళ్లది బియ్యం వ్యాపారం. బోడితల మీద పట్టుచీర కొంగు కప్పుకుని, పెళ్లికి వచ్చినదానిలాగా వచ్చేది. నన్ను చూస్తూనే, "కొత్తా? ఇటు రా, కిటికీ పక్కన కూర్చో. ఆ చివర కూర్చుంటే కింద హోటల్లో బజ్జీల వాసన తగిలి ప్రాణం పోద్ది" అంది. స్టీలు డబ్బాలోంచి ఎండబెట్టిన ఉసిరిముక్క తీసి నా నోట్లో పెట్టింది. "ఇది చప్పరిస్తూ ఉండు. ఇంకో సంగతి. ఇయ్యాళ ఉచ్చ ఎర్రగా పోస్తావు. రక్తం కాదు, మందు రంగే. నాకు ఎవరూ చెప్పక, చచ్చిపోతున్నాననుకుని మా ఆయనకి తాళాలన్నీ అప్పజెప్పేశా. మళ్లీ తీసుకోడానికి నెల పట్టింది!"

మందు ఎక్కించిన నాలుగు గంటలూ గుర్తులేవు. గుర్తున్నది ఇంటికొచ్చే బస్సు. మిరప లారీలన్నీ ఆ రోడ్డు మీదే గుంటూరు పోతాయి. పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులో పెరిగినదాన్ని, ఆ రోజు అది ముక్కుకి తగలగానే కడుపులో పేగులన్నీ పైకొచ్చాయి. రెక్సిన్ సంచీ పాడైపోయింది. మా ఆయన తన చేతిరుమాలు, ఆ తర్వాత భుజం మీది కండువా, ఆఖరికి చొక్కా అంచు గూడా నాకిచ్చేశారు. బస్సు కండక్టరు చూసీ చూడనట్టు ముందు సీటు ఖాళీ చేయించాడు.

ఇంటికొచ్చి వసారాలో నులకమంచం మీద పడ్డాను. పక్కనే దొరసాని, గోనెసంచుల మీద. మూడు రోజులు ఇద్దరం అలాగే. నాలుగో రోజు దాన్ని బయటికి తీసుకుపోవాల్సి వచ్చింది. దాని పొట్ట కింద నుంచి తువ్వాలు చుట్టి, రెండు చివర్లూ పట్టి వెనక భాగం పైకెత్తితే, అది మూడు కాళ్ల మీద నడిచి పనికానిచ్చుకునేది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి ఎత్తమని డాక్టరు గారు చెప్పినప్పుడు ఒక్కసారీ ఎత్తనిదాన్ని, రోజుకి ఆరుసార్లు ఈ కుక్క కోసం ఎత్తాను. తిట్టుకుంటూనే. "దొరసానమ్మా, తమరికి గులాబీ చెట్టే కావాలా? ఆ ముళ్లకంప పనికిరాదా?" అంటే, వినయంగా గులాబీ చెట్టు దగ్గరికే పోయేది.

ఫిబ్రవరిలో జుట్టు రాలింది. దువ్వెనకి కాదు, చేతికొచ్చేసింది. దొరసానికి గూడా కదలక పడుకుని ఒక పక్కంతా బొచ్చు ఊడింది. బడి నుంచి చూడ్డానికొచ్చిన మా హెడ్‌మిస్ట్రెస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏం పరామర్శించాలో తెలియక, "వసారా బాగా గాలొస్తుందండీ" అంది.

అప్పటికి ఒక సంగతి గమనించి ఉండాల్సింది. ఫిబ్రవరి అంటే తొడిమల పనికి మంచి అదను. వీధిలో ప్రతి గడప ముందూ ఎర్రటి రాశి. మా గడప ముందు లేదు. మొదటి విడత నుంచి నేనొచ్చిన మర్నాడే మా ఇంట్లో బస్తాలు మాయమయ్యాయి. కూరల్లో తాలింపు ఘాటు పోయింది. ముగ్గురికీ చప్పిడి పప్పే. నోరు పూసిన నాకంటే సరే, ఆవిడకేం ఖర్మ? నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ఇంకో సంగతి: దొరసాని ఆవిడ చేతిలో అన్నం తినేది. కర్రతో కాలు విరగ్గొట్టిన చెయ్యి నాకుతోందే, కుక్కకైనా సిగ్గుండాలి అనుకున్నానే తప్ప, నా లెక్కే తప్పేమోనని ఒక్కనాడూ అనుకోలేదు. వాదించేవాళ్లకి ఉండే జబ్బు ఇది. దానికి ఎర్రమందు లేదు.

ఫిబ్రవరి చివర మూడో విడత. దాని తర్వాత వారం నేను నీళ్లు గూడా మింగలేకపోయాను. "ఇంక వెళ్లను" అని చెప్పేశాను. మా ఆయన మంచం పక్కన మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. "దేవుడితో తర్వాత మాట్లాడుదురు గాని, నాతో మాట్లాడండి. ఇది బతకడమేనా?" అన్నాను. ఆయన లేచి బడికెళ్లిపోయారు. అప్పటికి డాక్టరు గారు చెప్పింది స్పష్టంగానే ఉంది: ఆరూ పూర్తి చేస్తేనే, మధ్యలో మానితే పడ్డదంతా వృథా.

ఆ వారమే దొరసాని తన కట్టుని సగం కొరికి పీకేసింది. కోటయ్యకి కబురు పెడితే వచ్చి చూసి, మళ్లీ కొత్త బద్దలు పెట్టాడు. "ఎముక అతుక్కుంటా ఉంటే లోపల జిల పెడద్దమ్మా, అందుకే కొరుకుద్ది" అని, కట్టు మీద పండుమిరప నూరి పూయమన్నాడు. ఆ ఘాటు నాకు పడదని మొహం తిప్పుకుంటే, అత్తయ్యే పెరట్లో దూరంగా కూర్చుని నూరి పూసింది. మిరపకళ్లాల మధ్య పుట్టిన కుక్క అది! ఒకసారి తుమ్మి, శుభ్రంగా నాకేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మంచం మీద నుంచే అందుకున్నాను. "ఒసే మొండిదానా! ఇన్నాళ్లూ పడ్డావు, ఇంకో నెల పడలేవా? సగంలో విప్పేసుకుంటే ఇన్నాళ్ల బాధా దేనికే? కాలు వంకర పోతే ఎవరికే నష్టం?"

పెరట్లోంచి నవ్వు వినబడింది. రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడేమన్నావో ఇంకోసారి అను విమలా."

"కుక్కతో అన్నాను."

"నీతో గూడా ఎవరన్నా అంటే బాగుండు."

"కుక్కకీ నాకూ పోలికా?"

"దానికి తోక ఉంది. మిగతాదంతా ఒకటే. మొండితనం గూడా." అంతే అనేసి లోపలికెళ్లి చప్పిడి జావ తెచ్చి మంచం మీద పెట్టింది. "ఇది తాగు. తాగకపోతే దానికి పోస్తా, అది నీ కంటే నయం, తింటది."

జావ తాగాను. మార్చి నడుమ నాలుగో విడతకి వెళ్లాను. ధనలక్ష్మమ్మ గారికి అదే ఆఖరు విడత. ఆ ఉసిరిముక్కల డబ్బా నా చేతిలో పెట్టి, "కిటికీ పక్క చోటు నీకు రాసిచ్చేశా. కొత్తగా వచ్చేవాళ్లకి ఎర్రగా పోస్తారని చెప్పు, మరిచిపోకు" అంది. చెప్పాను. ఇప్పటికీ చెబుతున్నాను.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టి మూడింటి దాకా మా చర్చిలో ఆరాధన ఉంటుంది. నేను వెళ్లే స్థితిలో లేను. అత్తయ్య నాకు తోడు ఉండిపోయి, నా కాళ్ల దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మా ఆయన తెల్ల పంచె కట్టుకుని, బైబిలు చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చారు. చర్చి గంట మొదలైంది.

దొరసాని తల పైకెత్తింది. మెడ చాచి, గంటతో పాటు ఏడుపు అందుకుంది. సన్నగా, సాగదీసి. నేను మద్రాసు నుంచి వచ్చాక అది ఏడవడం అదే మొదటిసారి.

నేను మా ఆయన్నే చూస్తున్నాను. బైబిలు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. రెండో చెయ్యి మాత్రం తలుపు మూలకి పోయింది. అక్కడ పాముల కోసం పెట్టుకున్న కర్ర ఉంటుంది. ఆ చెయ్యి అటు పోతున్నట్టు ఆయనకే తెలుసో లేదో.

దొరసాని ఠక్కున ఆగింది. ఆ కట్టుకాలు ఈడ్చుకుంటూ నా మంచం కిందికి దూరింది. అది చూసింది ఆయన్ని. అంత దగ్గర్లో కూర్చున్న అత్తయ్య వైపు చూడనైనా లేదు.

గంట మోగుతూనే ఉంది. నేను గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపికా లేదు. "మాస్టారూ, కూర్చోండి" అన్నాను.

ఆయన చెయ్యి దించారు. గుమ్మంలోనే కింద కూర్చున్నారు, తెల్ల పంచె మట్టయినా చూసుకోకుండా. కాసేపటికి లేచి చర్చికి వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన చదవాల్సిన వాక్యభాగం వేరే ఎవరో చదివారట.

ఆయన గేటు దాటాక అత్తయ్య వైపు తిరిగాను. "ఎందుకు మీ మీద వేసుకున్నారు?"

ఆవిడ బియ్యంలోంచి రాయి ఏరి బయటికి విసిరింది. "అప్పుడు నీకు ఎవరో ఒకర్ని తిట్టాలి గదా అమ్మాయ్. ఒంట్లో అంత విషం పెట్టుకుని ఎక్కడ కక్కుతావు? మొగుణ్ణి తిట్టి దూరం చేసుకుంటే నిన్ను గుంటూరు తీసుకుపోయేదెవరు, బస్సులో పట్టుకునేదెవరు? నాకు బస్సు నంబరు గూడా చదవడం రాదు. నన్ను తిట్టావు, నాకేమైంది? పద్దెనిమిదేళ్లుగా తిడతానే ఉన్నావు."

"నేనన్న ఆ మాట..."

"ఏ మాట? నువ్వు చాలా అంటావు, అన్నీ గుర్తుపెట్టుకుంటే బతకలేను" అని చాట తీసుకుని లేచింది.

ఈస్టర్ తర్వాత కోటయ్య కట్టు విప్పాడు. కాలు అతుక్కుంది గానీ వేలెడు పొట్టయింది. దొరసాని నడిస్తే ఇప్పటికీ, ఏదో మరిచిపోయి వెనక్కి తిరగబోయినట్టు ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో ఐదో విడత, చివర ఆరోది. మే నెలంతా పడుకునే ఉన్నాను. జూన్‌లో బడి తెరిచే నాటికి, తల మీద గుడ్డ కట్టుకుని, మొదటి పిరియడ్ నిలబడి చెప్పగలిగాను. రెండో పిరియడ్ కూర్చుని చెప్పాను. పిల్లలు చప్పుడు చేయలేదు, అదొక్కటే నాకు నచ్చలేదు.

మా సంఘంలో జబ్బు నుంచి లేచినవాళ్లు కృతజ్ఞత కూడిక పెట్టి, అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పి, భోజనం పెట్టడం ఆనవాయితీ. పాస్టరు గారు ముందే వచ్చి, "మీ కుక్క సంగతి తప్పకుండా చెప్పండి విమలమ్మ గారూ, జనానికి బాగా పడుతుంది" అన్నారు.

"నిజం గూడా పడుతుందాండీ?" అన్నాను.

నేను నిలబడి దేవుడికి వందనాలు చెప్పాను. డాక్టరు గారికి, నర్సమ్మకి, ధనలక్ష్మమ్మ గారికి, భోజనానికి పిలిస్తే వచ్చి గుమ్మం బయటే నిలబడ్డ కోటయ్యకి పేరుపేరునా చెప్పాను. తర్వాత, "జనవరిలో మా అత్తగారి మీద నేనొక నింద వేశాను. ఆవిడ ఆ పని చేయలేదు. ఇది అందరి ముందూ ఒప్పుకుంటున్నాను" అన్నాను. ఏం నింద, ఏం పని అని ఆడవాళ్ల వైపు గుసగుసలు మొదలయ్యాయి. పెద్దల బల్ల మీద మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు, చాలాసేపు. అత్తయ్య చాప మీద నుంచే గట్టిగా, "ఇంక కూర్చోవే, అన్నం చల్లారిపోద్ది" అంది. అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

అదీ జరిగింది. ఇందులో గండాన్ని మీదేసుకున్నది ఎవరైనా ఉంటే, అది నాలుగు కాళ్లది కాదు.

ఇప్పుడు మా ఆయన ప్రతి శనివారం దొరసానికి తనే స్నానం చేయిస్తారు. మొదట్లో అది ఒప్పుకునేది కాదు. మూడు నెలలు బకెట్టు పక్కన ఊరికే కూర్చున్నారు. ఇప్పుడు ఒప్పుకుంటోంది, చెవులు వెనక్కి పెట్టుకునే. తలుపు మూల కర్ర లేదు. మేమిద్దరం ఆ కర్ర గురించి ఇది రాసేదాకా ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నేను ఏది రాసినా తప్పులు దిద్దేది ఆయనే. ఇది మొదలుపెట్టేటప్పుడే చెప్పాను, "కర్ర సంగతి గూడా వస్తుంది, తీసేయమంటే తీసేస్తా" అని. "ఉంచు" అన్నారు. అని దొరసానికి నీళ్లు పెట్టడానికి పెరట్లోకి వెళ్లారు.

కాబట్టి రేపు ఈ కాగితాలు ఎర్ర పెన్నుతో ఆయన చేతిలో ఉంటాయి. ఎదురుగా అడగలేనిది ఇక్కడ అడుగుతున్నాను. మాస్టారూ, తప్పులు దిద్దడం అయ్యాక దీనికి జవాబు రాయండి. ఆ రోజు గేటు దగ్గర అది ఏడుస్తుంటే, ఆ ఏడుపు వల్ల నేను పోతానేమోనని కర్ర ఎత్తారా? లేక నేనెలాగూ పోతానని అప్పటికే మీ మనసులో అనుకుని, మీరు నా దగ్గర దాచిన ఆ మాటని అది వీధంతా వినబడేలా చెబుతోందని కొట్టారా?